సంతలో జానెడు చోటు

ఆ ఆదివారం సంతలో నేను చేసిన తప్పును చిన్నది అనడానికి వీల్లేదు. చెప్పకూడని సంగతిని, ఈ భూమ్మీద ఏ ఒక్క మనిషికి చెప్పకూడదో సరిగ్గా ఆ మనిషినే వెతుక్కుంటూ వెళ్లి చెప్పాను. వెతకడానికి గంటన్నర పట్టింది. నోరు జారిందని తప్పించుకుందామన్నా కుదరదు. గంటన్నర సేపు ఎవరి నోరూ జారదు.

నాది టీబీ విభాగంలో ఉద్యోగం. సొంతూరు టెక్కలి పక్క పల్లె. తిరుగుడంతా పలాస, మందస, ఉద్దానం తీరం. ఒకరికి జబ్బు తేలితే మాత్రలు మొదలుపెట్టించడం మా పనిలో సగమే. ఆ మనిషితో మూసిన గదిలో ఒకే గాలి పీల్చినవాళ్లు ఎవరెవరో రాసుకోవాలి. వాళ్లని పట్టుకుని దగ్గుందా, జ్వరముందా, బరువు తగ్గారా అని అడగాలి. ఎక్స్‌రేకి పంపాలి, డబ్బా ఇచ్చి తెమడ పట్టించాలి. ఇదంతా రోగి పేరు ఊరికి తెలియకుండా జరగాలి. ఈ పనికి ముఖ్యంగా కావాల్సింది ఎదుటి మనిషి చెప్పేది చివరిదాకా వినడం. నాకు లేనిది కూడా అదే.

ఎదుటివాళ్ల మాట సగంలో ఉండగానే మిగతా సగం నేను చెప్పేస్తాను. నాకు అది తెలివిగా కనిపించేది. మా ఆవిడ పెళ్లయిన కొత్తలో రెండు నెలలు ఓర్చుకుని, "నా మాట నన్ను ముగించుకోనివ్వండి, మీకు పుణ్యముంటాది" అంది. ఆ మాట కూడా "పుణ్యం" దగ్గరే అందుకున్నాను.

జబ్బుపడ్డావిడ తీరం మీద ఒక ఊళ్లో ఉంటుంది. అరవై ఏళ్లుంటాయి. చేపలమ్ముతుంది. మాత్రలు మొదలైన వారంలోగా వాళ్లింటికి వెళ్లాల్సింది, నేను పదోరోజుకు వెళ్లాను. కొబ్బరిచెట్ల మధ్య రెండు గదుల ఇల్లు. మొగుడికి కిడ్నీ జబ్బు, డయాలిసిస్‌కు తిరుగుతున్నాడు. కొడుకు సముద్రం మీదికి వెళ్తాడు. కోడలి ఒళ్లో మూడు నెలల పసిబిడ్డ.

నేను సంచిలోంచి తెమడ డబ్బాలు తీసి అరుగు మీద వరసగా పెట్టగానే ఆవిడ మాస్కులోంచే నవ్వింది.

"రగతం ఇచ్చినాం. ఉచ్చ ఇచ్చినాం. ఇప్పుడు తెమడా? మా ఒంట్లో ఇంకేటీ మిగల్నియ్యరా బాబూ గవర్నమెంటోలు?"

"ఎంగిలొకటి మిగిలింది. అదీ అడుగుతాడు, కూకో" అన్నాడు మొగుడు మంచం మీంచి.

ఇంట్లోవాళ్ల పని తొందరగానే అయింది. పసిబిడ్డకు దగ్గూ జ్వరం లేవు. డాక్టరుకు చూపించి, జబ్బు రాకుండా ముందుజాగ్రత్త మందు మొదలుపెట్టాలని చెప్పాను. కొడుకు, కోడలు, మొగుడు ఎక్స్‌రేకి ఒప్పుకున్నారు. అప్పుడు ఆవిడ తనకు కావాల్సింది అడిగింది.

"నాకు టీబీ అని ఎవులికీ తెలకూడదు. తెలిస్తే నా గంప ముట్టుకోరు. ఇంకోటి, బేగి సంతకెళ్లాల. సంతలో ముప్పై ఏళ్లుగా ఒకటే సోటు నాది. మా అమ్మ కూకున్న సోటు. ఒక ఆదివారం అప్పుడే పోయింది. వరసన మూడు సంతలు కాళీగా ఉంటే పక్కోలు కలిపేసుకుంటారు. అడిగే దిక్కుండదు."

డాక్టరు రెండు నెలలు విశ్రాంతి అన్నాడు. ఆ మాట చెప్పడానికి నాకు నోరు రాలేదు. "చూద్దాం" అన్నాను. చేతకానప్పుడు నేను వాడే మాట అది.

"ఇంట్లోవాళ్లు కాకుండా ఇంకెవరితో ఎక్కువసేపు కూర్చుంటారు?" అని అడిగాను.

"మా నేస్తంతోటి."

"పేరు?"

ఆవిడ నాలిక కరుచుకుంది. మొగుడు గోడవైపు తిరిగాడు. మా జిల్లాలో నేస్తం కట్టడం ఆటమాట కాదు. ఇద్దరాడవాళ్లు దేవుడి ముందు పువ్వులు మార్చుకుని నేస్తం కట్టుకున్నారంటే ఆనాటి నుంచి ఒకరి పేరు ఒకరు పలకరు. ఎదురుపడితే నేస్తం, కబురు పంపితే నేస్తం, కోపమొచ్చి తిట్టుకున్నా నేస్తమే. మా అమ్మకూ ఒక నేస్తం ఉండేది. ఆవిడ పేరు నేను ఆవిడ పోయాక ఓటరు కాగితంలో చూశాను. ఇవన్నీ తెలిసి కూడా నేను ఫోనులో మా శాఖ ఫారం చూపించి, "ఇదిగో, పేరు రాయకపోతే ఇది ముందుకు జరగదు. ఎర్ర చుక్క ఉంది" అన్నాను.

"దానికి ఎర్ర సుక్క ఉంటే నాకేటి? నాకూ ఉన్నాది బొట్టు" అంది ఆవిడ.

చివరికి పేరు గడిలో "నేస్తం" అని కొట్టాను. ఫోను మారుమాట లేకుండా తీసుకుంది. మర్నాడు ఆఫీసులో కంప్యూటరు చూసే కుర్రాడు ఫోన్ చేశాడు. "సార్, ఈ నేస్తం అనే ఆవిడ పోయిన నెల ఇంకో ఊళ్లో కూడా ఉన్నాది. ఒకావిడేనా, ఇద్దరా?"

అది మర్నాటి సంగతి. అప్పటికి అరుగు మీద, సరే, పేరు లేకపోతే గుర్తులైనా చెప్పమని ఆవిణ్ని అడిగాను.

"సెవులకి పెద్ద కమ్మలుంటాయి. గొంతు పెద్దది. సంత..."

"సంతలో ఉంటుంది. అర్థమైంది" అన్నాను.

ఆవిడ ఇంకేదో అనబోయింది. నేను చెయ్యెత్తి, "ఆదివారం నేనే పట్టుకుంటాను" అన్నాను. "అయితే రోగం సంగతి నువ్వు సెప్పకు. నానే సెప్పుకుంటాను. నా దగ్గరికి తోలుకురా" అంది. సరేనన్నాను. ఆ ఊరి ఆశా కార్యకర్త నా వెంటే ఉంది. బయటికొచ్చాక, "ఆదివారం మా ఇంట్లో సుట్టాలు సార్, పదకొండుకి గానీ రాలేను. నేనొచ్చేదాకా ఆగండి" అంది. దానికీ సరేనన్నాను. ఆరోజు నేను చెప్పినవన్నీ సరేలే.

ఆదివారం ఎనిమిదికే సంతలో ఉన్నాను.

పెద్ద కమ్మలు, పెద్ద గొంతు అనే గుర్తులతో మా వైపు చేపల వరసలో మనిషిని వెతకడమంటే సముద్రంలో తడిగా ఉన్నదాన్ని వెతకడమే. అందరికీ కమ్మలే, అందరికీ గొంతులే. ఒక్కొక్కరి ముందూ నిలబడి చెవులు చూస్తుంటే, "ఏటి బాబూ, సేపలు కావాలా, కమ్మలు కావాలా?" అని ఒకావిడ అడిగింది. ఇంకొకావిడ కొంగు చెవుల మీదికి లాక్కుంది. నెత్తళ్ల కుప్పలు, కానాగంతలు, సావిడాయిలు, అన్ని రకాల చేపలూ దాటి వరస చివరికి వచ్చేసరికి తొమ్మిదిన్నర అయింది. అక్కడ నేను వెతుకుతున్నది కనబడింది. కనబడిందనుకున్నాను.

చింతచెట్టు నీడలో పక్కపక్కన రెండు చోట్లున్నాయి. ఒకదాంట్లో ఒకావిడ గంపతో కూర్చుంది. పక్క చోటు ఖాళీ. కానీ ఈవిడ గంప సగం ఆ ఖాళీలో ఉంది, ఎడమకాలు మొత్తం అందులోనే చాపి ఉంది. వంకాయల బస్తా దించబోయిన ఒక రైతును, "ఏయ్, అది కాళీ అనుకున్నావేటి? ఆ సోటుకి మనిసి ఉన్నాది! తియ్ బస్తా!" అని ఎంత గట్టిగా అదిలించిందంటే అతను బస్తాతో సహా వెనక్కి నడిచాడు. కమ్మలు భుజాలదాకా ఊగాయి.

జబ్బుపడ్డ నేస్తం చోటును కాలుచాపి కాపలా కాస్తున్న ఆడమనిషిని చూసి నాకు కళ్లు చెమ్మగిల్లాయి. ఈ సంగతి ఇక్కడ రాయడానికి సిగ్గుగా ఉంది, అయినా రాస్తున్నాను.

పక్కన గొంతుక్కూర్చుని, "మీరు ఎవరి చోటు కాస్తున్నారో నాకు తెలుసమ్మా" అన్నాను.

ఆవిడ నన్ను కిందా మీదా చూసింది. "ఎవుల్ది?"

"రెండు సంతలుగా రాలేదు కదా, ఆవిడది."

"అవును. ఎందుకు రాలేదు? ఏటయింది దానికి?" అని ముందుకు వంగింది. ఆ వంగడంలో నాకు ఆదుర్దా కనబడింది. అది ఆదుర్దానే, కాకపోతే చోటు గురించి.

ఇక్కడే ఆగి ఉండాల్సింది. "మా వెంట రండి, ఆవిడే చెబుతుంది" అనాల్సింది. కానీ అంత స్నేహం చూశాక దాచడం పాపమనిపించింది. గొంతు తగ్గించి, "టీబీ. భయం లేదు, మాత్రలు వేసుకుంటోంది" అని చెప్పి, సంచిలోంచి డబ్బా తీసి చేతిలో పెట్టాను. "మీరు కూడా పరీక్ష చేయించుకోవాలి."

"నాకెందుకు?"

"ఆవిడ నేస్తం కదా మీరు."

ఆవిడ డబ్బా వైపు చూసింది. నా వైపు చూసింది. లేచి నిలబడింది.

"ఓలమ్మో! ఇనండర్రా! ఈ బాబు నన్ను దాని నేస్తం అంటన్నాడు! దానికి! నాను! నేస్తం!"

వరస వరసంతా తిరిగింది. కత్తిపీట మీద చేప సగంలో ఆపి ఒకావిడ నవ్వడం మొదలుపెట్టింది. ఎవరో, "మరి పువ్వులెప్పుడు మార్సుకున్నారే?" అని అరిచారు. అప్పుడు అర్థమైంది, నేను పట్టుకున్నది నేస్తాన్ని కాదు. వరసవాళ్ల మాటల్ని బట్టి, పన్నెండేళ్ల కిందట "దాని సేపలు నిన్నటివి" అని కొనేవాళ్ల ముందు ఒక మాట జారి, అప్పటినుంచి ఆవిడతో మాటల్లేని పగమనిషిని.

"అమ్మా, మెల్లగా... పొరపాటైంది..." అని గొణిగాను.

ఆవిడ చతికిలబడి, నాకు మాత్రమే వినబడేలా పళ్లబిగువున, "టీబీ అంటే టీబీ అను, దేవుడిచ్చిన రోగం. నేస్తం అంటావేటి? నాకు సిగ్గు నేదేటి?" అని, కొంగుతో మొహం తుడుచుకుని, నా చెవి దగ్గరికి వచ్చింది. ఈసారి గొంతు గుడిలో మాట్లాడినంత నెమ్మది. "రోగం మాట ఎవులికీ సెప్పన్లే బాబూ. నాకేటి లాభం? దాన్ని ఆ సోటు ఒగ్గేమను. నా నోట్లోది నా నోట్లోనే ఉంటాది."

పదకొండుకు ఆశా కార్యకర్త వచ్చింది. నన్ను చూసింది. చింతచెట్టు కింద చాపిన కాలు చూసింది. "ఎవరితో మాట్లాడారు సార్?" అంది. నేను చూపించాను. ఆ అమ్మాయి నెత్తిన చెయ్యి పెట్టుకుని అక్కడే ఒక బస్తా మీద కూర్చుండిపోయింది.

ఆ మధ్యాహ్నం బండి మీద తీరానికి వెళ్తుంటే, దారి పొడుగునా ఏం చెప్పాలో వాక్యాలు కూర్చుకున్నాను. అన్నీ "నిజానికి నా ఉద్దేశం" అనే మొదలయ్యాయి. ఏదీ పనికిరాలేదు.

ఆవిడ పెరట్లో కొబ్బరిచెట్టు కింద చాప మీద ఉంది. నన్ను చూసి లేచి కూర్చుంది.

"నేస్తం కనబడిందేటి?"

"ఒకావిడ కనిపించింది."

"కమ్మలు?"

"ఉన్నాయి."

"గొంతు?"

"ఉంది."

"ఏటి సేత్తంది?"

"మీ చోట్లో కాలు చాపుకుని కూర్చుంది."

ఆవిడ కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. లోపల మంచం మీద మొగుడికి నవ్వాగలేదు. డయాలిసిస్ చేయించుకుంటున్న మనిషి అంత నవ్వవచ్చో కూడదో నాకు తెలియదు.

"దానికా సెప్పినావు?" అంది ఆవిడ కొంగు వెనకనుంచి. "ఇంతమంది జనం ఉండగా ఎతికెతికి దానికా?"

"తప్పు నాదే."

"మరి నీదే. నువ్వు నన్నడిగినావు. నాను సెప్పేలోగా నువ్వే సెప్పేసినావు. సంత అయినాక నేస్తం ఇంటికెళ్తాను, అక్కడ కూకుంటాను అనబోయినాను. సంత దగ్గర నా నోరు మూసినావు."

పగావిడ అడిగిన బేరం కూడా చెప్పాను. చోటు వదిలితే రోగం దాస్తుంది. వదలకపోతే వచ్చే సంతకి వరసంతటికీ తెలుస్తుంది. వచ్చే సంతతో మూడూ అయిపోతాయి. రెండు నెలల విశ్రాంతి మాట కూడా అప్పుడే బయటపెట్టాను, ఎలాగూ తిట్లు పడుతున్నాయి కదా అని.

ఆవిడ చాప అంచున ఊడిన పీచును చివరిదాకా లాగింది. మొదటిసారి నేను అడ్డం వెళ్లలేదు. నోటికి వచ్చిన మూడు మాటలు మింగాను.

"సోటు ఇవ్వను" అంది చివరికి. "రోగం మాట దాని నోట్లోంచి ఎందుకు? నా నోట్లోంచే పోతాది. అది తరవాత. రేపు ముందు మా నేస్తాన్ని సూపిత్తాను, పద."

"పేరు..."

"పేరు సెప్పకూడదు గానీ, ఏలు సూపించకూడదని ఎవులన్నారు?"

పదిహేనేళ్లుగా ఈ ఉద్యోగం చేస్తున్నాను. వేలు చూపించమని అడగొచ్చని నాకు తోచలేదు.

సోమవారం ఆటో మాట్లాడాను. రెండు పక్కలా తెరలు ఎత్తించి, మాస్కు పెట్టుకుని ఆవిడ వెనక, నేను డ్రైవరు పక్కన. పలాస శివారులో ఒక సందు మొదట్లో ఆవిడ ఆటోలోంచి చెయ్యి బయటికి చాపి, కలెక్టరు లాగా వేలు చూపించింది. పెద్ద కమ్మలావిడ ఒకరు తలుపు తీసింది. గొంతు సందు చివరిదాకా వినిపించింది. "నేస్తం! రెండు వారాలయింది, అలిగినావనుకున్నాను!"

నేస్తానిది జీడిపప్పు పొట్టు తీసే పని. కాల్చి ఒలిచిన పప్పు మీద ఎర్రటి పల్చని పొట్టు ఉంటుంది, దాన్ని చాకుతో, గోళ్లతో తీస్తారు. పొట్టు ఊపిరి తగిలితే ఎగురుతుంది. అందుకని ఆ చిన్న గదిలో కిటికీలు బిగించి ఉన్నాయి, ఫ్యాను ఆపి ఉంది. సంత అయ్యాకా, మామూలు రోజుల్లో చేపలమ్ముడయ్యాకా ఈవిడ ఆ గదికే వచ్చి సాయంత్రందాకా పొట్టు తీస్తూ కబుర్లు చెప్పేదట, దగ్గుతూ. ఇంట్లోవాళ్ల కంటే ముందు రాసుకోవాల్సిన గది అది.

ఇద్దరూ బయట అరుగు మీద మాట్లాడుకుంటున్నారు. లోపల నేను, నా తెలివి. గాలి ఆడాలి కదా అని ఫ్యాను స్విచ్చి వేశాను.

గదంతా ఎర్రటి వాన లేచింది. మూడు రోజుల పొట్టు చాటల్లోంచి, బుట్టల్లోంచి లేచి ఒక్కసారిగా నామీద పడింది. కళ్లలో, చెవుల్లో, చొక్కా లోపల పొట్టు. పప్పు మీదా మళ్లీ పొట్టే. నేను స్విచ్చి ఆపి బయటికొచ్చేసరికి ఇద్దరు నేస్తాలూ నోళ్లు తెరుచుకుని చూశారు.

"ఎవుల్నే తెచ్చినావు నేస్తం?" అంది ఆ ఇంటావిడ.

"టీబీ బాబు."

"ఈ బాబుకా టీబీ? పాపం, ఎర్రగయిపోనాడు."

రోగం సంగతి అప్పుడు ఈవిడ చెప్పుకుంది, తను అనుకున్నట్టు, తన మాటల్లో. నేను సందు చివర నిలబడి పొట్టు దులుపుకున్నాను. వెనక్కి వచ్చేసరికి నేస్తం ఏడుస్తోంది, ఈవిడ ఓదారుస్తోంది. పక్కింటావిడ నేస్తం పేరు చెబితే ఫోనులో దిద్దాను. ఇక్కడ రాయను, ఎంతైనా పలకకూడని పేరు. ఎక్స్‌రేలో ఏమీ తేలలేదు, ముందుజాగ్రత్త మాత్రలు మొదలయ్యాయి. ఆవిడ పొట్టు పనిని గదిలోంచి పెరటి అరుగు మీదికి మార్చింది. గాలి లేని రోజు చూసుకుని తీస్తుంది. ఆరోజు నేను ఎగరగొట్టిన పప్పును ముగ్గురం కూర్చుని చీకటి పడేదాకా ఏరాం.

మూడో ఆదివారం వచ్చింది. జబ్బుపడ్డావిడ చెప్పినట్టే చేశాను. తొమ్మిది గంటలకు చింతచెట్టు కింద నిలబడి, ఫోను కలిపి, లౌడ్‌స్పీకరు పెట్టి, హారతి పళ్లెంలాగా రెండు చేతులతో పైకెత్తి పట్టుకున్నాను. ఫోనులోంచి గొంతు వచ్చింది.

"ఓసే, పక్కసోటుదానా! ఇనబడతందా?"

పన్నెండేళ్ల తర్వాత మొదటి మాట. పగావిడ చేతిలోని కానాగంత గంపలో పడింది.

"నాకు టీబీ వొచ్చినాది. నువ్వు సెప్పడమేటి, నానే సెప్తన్నాను. వరసలో అందరూ ఇనండి! ఆరు నెల్లు మందు ఏసుకుంటే పోతాది. రెండు నెల్లలో వొత్తాను. ఆ సోటు మా అమ్మది. దాని కాలు తియ్యమనండి!"

చేపలు కొనడానికి వచ్చిన ఒకాయన సంచి మడిచి వెనక్కి తిరిగాడు. ఒకావిడ, "అలగైతే దాని కాడ కొన్న సేపలు..." అని మొదలుపెట్టింది. ఆవిడ మాట పూర్తయ్యేదాకా ఆగాను. పూర్తయ్యాక, ఇది చేపల్లోంచి రాదు, దగ్గిన గాలిలోంచి వస్తుంది, మూసిన గదుల్లో ఎక్కువ, ఎవరికైనా రెండు వారాలు దాటిన దగ్గుంటే చెప్పండి అన్నాను. ముగ్గురు దగ్గారు. ముగ్గురికీ డబ్బాలిచ్చాను.

ఆవిడ అంత ధైర్యంగా మాట్లాడింది కాబట్టి నా తప్పు మాసిపోయిందని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. దాచుకునే హక్కు ఆవిడది. అది నేను సంతలో పారేశాను కాబట్టే ఆవిడకు అరవాల్సి వచ్చింది. ఆ సంచి మడిచి వెళ్లిపోయిన ఆయన వీపు నాకు ఇప్పటికీ గుర్తే.

చేతిలోని ఆయుధం పోయినా పగావిడ తగ్గలేదు. "రోగం మాట సరే. ఇది మూడో సంత. కాళీగా ఉన్నాదా నేదా? వరస నాయం వరసదే" అంది. నలుగురూ తలూపారు. న్యాయానికి ఆ మాట నిజమే.

నేను చెప్పులు విడిచి, గోనెపట్టా పరిచి, ఆ చోట్లో కూర్చున్నాను.

"ఇప్పుడు ఖాళీగా లేదు" అన్నాను.

ఆ ఆదివారం నుంచి మరో ఏడు ఆదివారాలు, నా సెలవు రోజున, పొద్దున్నే వెళ్లి అక్కడ కూర్చున్నాను. ఊరికే కూర్చుంటే చాలనుకున్నాను. కానీ "గంప లేని మనిసి మనిసి కాదు" అని వరసవాళ్లు అభ్యంతరం పెట్టారు. దాంతో ఆవిడ కొడుకు ఆటోలో ఒక గంప చేపలు పంపడం మొదలుపెట్టాడు. నాకు అమ్మడం రాదు. "బాగున్నాయా?" అని అడిగితే, "నాకు తెలియదండీ" అనేవాణ్ని. ఎందుకో ఆ మాటకు జనం కొనేవారు. చేప కొయ్యమంటే కత్తిపీట ముందు కూర్చుని దణ్ణం పెట్టుకునేవాణ్ని. ఒకావిడ నా చేతిలోంచి చేప లాక్కుని, "దీన్ని పట్టినోడు కూడా ఇంత బాద పెట్టలేదు" అంది.

నాలుగో వారం మా బావ కూరలకు వచ్చి నన్ను చూశాడు. గంపనూ నన్నూ మార్చి మార్చి చూశాడు.

"ఏటి బావా," అన్నాడు చివరికి, "సస్పెన్షనా?"

ఆరాత్రికి టెక్కలి చుట్టుపక్కల మా చుట్టాలందరికీ నా ఉద్యోగం పోయినట్టు తెలిసింది. మా ఆవిడ ఫోన్లన్నింటికీ ఒకటే జవాబు చెప్పింది. "ఉద్యోగం పోలేదు. నోరు పోయింది. తెచ్చుకోడానికెళ్తన్నారు." ఆ వాక్యం మధ్యలో నేను అడ్డం వెళ్లలేదు.

పగావిడ నాతో మాట్లాడేది కాదు. కానీ రెండోవారం తెమడ డబ్బా తనే అడిగింది, అందరికీ ఇచ్చి తనకివ్వకపోవడం చిన్నతనమనిపించి. పరీక్షలో ఏమీ లేదని కాగితం వస్తే, దాన్ని వరస పొడుగునా చదివించింది. "సూసినారా, నాకేటీ నేదు! అన్నీ శుబ్బరం!" పెళ్లిచూపుల్లో కూడా ఎవరూ అంత గర్వపడి ఉండరు.

రెండు నెలల పరీక్షలో ఆవిడ తెమడలో క్రిములు కనబడలేదు. డాక్టరు సంతకెళ్లొచ్చన్నాడు. ఆ ఆదివారం నేస్తం చెయ్యి పట్టుకుని ఆవిడ వరసలోకి వచ్చింది. కొంచెం ఒళ్లు చేసింది. నేను లేచి నిలబడ్డాను. పంచాయితీ పెద్దకు లెక్కచెప్పే మనిషిలా చేతులు కట్టుకున్నాను. ఆవిడ కూర్చోలేదు. చింతచెట్టు మొదలునుంచి జానలు వేస్తూ చోటు కొలిచింది. ఒకటి, రెండు, మూడు... ఆగి, మళ్లీ మొదట్నుంచి కొలిచింది.

"జానెడు తగ్గింది" అంది.

నిజమే. వారానికి వేలెడంత చొప్పున పగావిడ గంప జరుగుతూనే ఉంది. నాకు కనబడేది. గొడవెందుకని ఊరుకునేవాణ్ని.

"సోటు కాయమంటే ఇదా కాసింది?" అంది నేస్తం.

ఆవిడ మాత్రం మిగిలినదాంట్లో ముడుచుకుని కూర్చుంది. అదే నాకు తిట్టుకంటే ఎక్కువగా తగిలింది. ముప్పై ఏళ్ల చోటులో అంత చిన్నగా ఆవిడ ఎప్పుడూ కూర్చుని ఉండదు.

నేను పగావిడ ముందుకు వెళ్లి గొంతుక్కూర్చున్నాను. ఆరోజు కూర్చున్నట్టే. ఈ మనిషికి నేను చెప్పాల్సింది ఒకటి బాకీ ఉందని, రెండు నెలలు పక్కనే కూర్చుని కూడా చెప్పలేదని అప్పుడు తట్టింది.

"అమ్మా, ఆరోజు అందరి ముందూ మిమ్మల్ని ఆవిడ నేస్తం అన్నాను. తెలియక అన్నాను. అడగకుండా అన్నాను. తప్పయింది."

వరస వింటోంది. పగావిడ చేప తోమడం ఆపలేదు.

"గట్టిగా సెప్పు."

"మీరు ఆవిడకు నేస్తం కారు!" అని అరిచాను.

"ఎప్పుడూ?"

నోటిదాకా వచ్చిన మాటను పట్టుకుని, ఆవిడ వాక్యం అయిపోయిందో లేదో కాసేపు చూశాను. అయిపోయింది.

"ఎప్పుడూ కారు!"

పక్కనుంచి జబ్బు తగ్గినావిడ, "దేవుడు సల్లగా సూసినాడు" అంది.

పగావిడ చెయ్యి కడుక్కుంది. రెండు చేతులతో గంప అంచు పట్టుకుని, ఎవరి మొహమూ చూడకుండా, తనవైపుకు ఒక జానెడు లాక్కుంది.